పదో వేలు

మా ఇద్దరిలో ముందు పుట్టింది సువార్తే.
మంత్రసాని దాన్ని గోనెపట్టా మీద పడుకోబెట్టి
లోపల ఇంకొకడున్నాడని
నా కోసం కాసుక్కూచుందట, అరగంట.
వశిష్ఠ గట్టు కింద కొబ్బరాకుల పాక,
ఒకటే దీపం బుడ్డి, ఒకటే కరువు,
ఒకే పూట పుట్టిన ఇద్దరం.

గంజి నాకూ, గంజి దానికీ.
అడుగున మెతుకులు మాత్రం నాకు.
అమ్మ చెడ్డది కాదు.
"మగపిల్లాడు, ఆగలేడు" అనేది.
ఆగడం అది అప్పుడే నేర్చుకుంది.

నేను పాలకొల్లు హాస్టల్లో ఉండి
పదో తరగతి రెండుసార్లు తప్పాను.
తప్పడానికైనా ఒక బడి కావాలి కదా,
అది నాలుగులోనే ఆగి
దాళవా నాట్లకి వంగింది.
గట్టు వేసినందుకు నాకు తొమ్మిది రూపాయలు,
పొద్దంతా నడుం ఎత్తని దానికి నాలుగున్నర.
ఎందుకలా అని అడగలేదు.
నా తొమ్మిదీ లెక్కపెట్టుకుంటున్నాను.

"అది" అనే అంటాను ఇప్పటికీ.
గేదెనీ చేటనీ అన్నట్టే.
ప్రేమగానే.

ఆదివారం ప్రార్థన అయ్యాక
కాలవ వంతెన పిట్టగోడ మీద మేం కూచునేవాళ్ళం.
టీ అప్పు, బీడీ అప్పు, నవ్వులు.
పేదోణ్ణే, కాని నా లేమికి వారానికో పూట సెలవుండేది.
దాని లేమి ఆ పూట
చర్చి చీర విప్పి మడతపెట్టి
పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు ఎగదోసేది.

మొగుడు దైవసహాయం మంచివాడే.
మంచివాడు కూడా కూలిడబ్బు
తన జేబులోనే పెట్టుకుంటాడు.
దాని రవికెకి జేబు లేదు, చెంగుకి ముడి ఉంది,
ఆ ముడి విప్పేది ఎప్పుడూ ఇంకొకరు.
వరదొచ్చిన ఏడు చంకలో బిడ్డతో
మోకాటి నీళ్ళలో వరసలో నిలబడితే
బియ్యం చీటీ మొగుడి పేర ఉందని తిప్పి పంపారు.
అతను పోయాక ముడి పూర్తిగా దానిదే.
అప్పటికి అందులో ఏమీ లేదు.

ఇక ఇది చెప్పాలి.
డ్వాక్రా లోను దాని పేర వచ్చింది.
నేను తీసుకుని ఆటో కొన్నాను.
వెనకాల ఎర్రరంగుతో ఏసుపాదం అని రాయించాను.
కిస్తీలు అది కట్టింది,
భీమవరం రోడ్డు రొయ్యల షెడ్డులో,
ఐసునీళ్ళలో చేతులు ముంచి,
కిలోకి ఇంతని, రాత్రి రెండింటిదాకా.
నాలుగు వాయిదాలు నేనిస్తానన్నాను.
అన్నమాట నిజం.

ఇవాళ సచివాలయం బెంచీ మీద
పక్కపక్కనే, అరవై దాటిన కవలలం.
నా బొటనవేలు తగలగానే
మిషను పచ్చగా వెలిగింది.
పింఛను నోట్లు చొక్కా జేబులో పడ్డాయి.
దాని బొటనవేలు పెట్టింది.
మళ్ళీ ప్రయత్నించండి, అంది మిషను.
చూపుడువేలు. పైటకి తుడిచి. కొబ్బరినూనె రాసి.
కుర్రాడు ఓపికైనవాడు,
"ఇంకోటి పెట్టు మామ్మా" అంటూ
పది వేళ్ళూ పెట్టించాడు.
నారు పీకి, అంట్లు తోమి, రొయ్య పెంకు వొలిచి,
ఒక్క గీతా మిగల్లేదు ఆ చేతుల్లో.
కన్ను చూపిద్దామంటే శుక్లాలు.
సోమవారం రమ్మన్నాడు.

పదో వేలు అటూ ఇటూ తిప్పి చూసుకుని
"అరిగిపోయిందిరా" అంది,
చీపురు సంగతి చెప్పినట్టు.

కాలవగట్టు మీద ఇంటికి నడిచాం.
నీళ్ళ నిండా గుర్రపుడెక్క ఊదాగా పూసింది.
జేబులోంచి అయిదువందలు తీసి చేతిలో పెట్టాను.
రెండడుగుల దూరం నేను గొప్పవాణ్ణి.

నోటు మడిచి చెంగున కట్టుకుంటూ
అలవాటుగా అడిగింది
నాకన్నా అరగంట పెద్దదైన మా అక్క:
"ఎప్పటిలోగా ఇవ్వమంటావు?"