నడికట్టు లేని ఏడు

చిలోయే దీవిలో కరెంటుది
గాలి చెప్పినట్టు వినే బుద్ధి.
ఉత్తరగాలి లేచిందంటే
కెమ్చి రేవులో దీపాలు ఒకసారి రెప్పవేసి,
కాస్త ఆలోచించి,
ఆరిపోతాయి.

అందుకే ఎదువీనా ఇవాళ
ముందు ఆకాశాన్ని చూసింది,
తర్వాతే లాప్‌టాప్‌ని.

లూగా నాచు ఏరే ఆడవాళ్ళ సంఘానికి
ఉన్నదదొక్కటే.
ఎవరెన్ని కిలోలు ఎండబెట్టారో,
ఎవరికెంత బాకీయో, అన్నీ అందులోనే.
నిరుడు పోయిన రొమిల్దా ఖాతా కూడా.
మూసేద్దామని ఎవరికీ నోరు రాలేదు.

వారంగా తెర మూల ఒకటే పోరు:
ఫర్మ్‌వేర్‌కి భద్రతా అప్‌డేట్.
"అంటే?" అంది
కట్టెల పొయ్యి మీద తడి మేజోళ్ళు ఆరేస్తూ ముసలి ఓర్తెన్సియా.
"నిద్ర లేవడమెలాగో యంత్రానికి చెప్పే మాట.
చెబుతుండగా మధ్యలో తెగితే
ఇక లేవదు."
ఓర్తెన్సియా శిలువ గుర్తు వేసుకుంది.

లెక్కలన్నిటికీ నకలు తీసింది ఎదువీనా.
తీసి ఊరుకోలేదు, తెరిచి చూసింది.
తెరుచుకోని నకలు
ఉప్పునీళ్ళ బావి.

ఆ తర్వాత రికవరీ కీ.
ఇల్లు అదే, తాళం అదే,
గడప ఒక్కటి మారితే చాలు,
యజమానినే నువ్వెవరని అడుగుతుందట.
నలభై ఎనిమిది అంకెలు, ఆరేసి చొప్పున,
పిండి సంచి చింపి వెనకవైపు రాసింది.
సరిచూడమని ఓర్తెన్సియాకి ఇచ్చింది.

కంప్యూటర్ ఎన్నడూ ముట్టని వేలు
ఐదో వరసలో ఆగింది.
"ఇది ఒకటా, ఏడా?"
"ఏడు."
"మరి దాని నడికట్టేదీ?"
పెన్సిల్ లాక్కుని
ఏడు నడుముకి అడ్డగీత కట్టింది.

బ్యాటరీ నూరు. చార్జర్ తగిలించి ఉంది.
హీటరు తీసేశారు, చలికి శాలువాలు కప్పుకున్నారు.
తలుపు మీద కాగితం: ఎవరూ ఏదీ నొక్కొద్దు.

నల్లటి తెర. సన్నటి గీత
పోటునీరులా, తొందర లేకుండా.
అరవై దగ్గర రేకుల కప్పు మూలిగింది.
చార్జర్ దీపం రెప్పవేసింది.
ఆరింది.

ఎవరూ మాట్లాడలేదు.
మేజోళ్ళ నుంచి బొట్లు పొయ్యి మీద చుయ్‌మన్నాయి.
గీత మాత్రం
బ్యాటరీలో దాచుకున్న ఊపిరితో పాకుతూనే ఉంది.

లేచింది.
లేచి, అనుకున్నట్టే,
నువ్వెవరంది.

చీకట్లో ఓర్తెన్సియా చదివింది, ఎదువీనా కొట్టింది.
ఐదో వరస దగ్గర ముసలిది
గొంతు కాస్త పెంచింది.

రొమిల్దా ఖాతా తెరుచుకుంది.
నాలుగు కిలోలు. రావలసినవి.

పిండి సంచి ముక్కని ఓర్తెన్సియా మడిచి
జాకెట్లో దోపుకుంది.
"యంత్రం పక్కన పెట్టకూడదన్నావుగా."