ఊడ్చిన బుగ్గి

ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు
ఈ గీతలు నీకు యాడ దొరుకుతాయమ్మా అని.
దొరకడం అనే మాట బాగుంది.
నెల్లూరు ఆచారి వీధిలో ఏదీ కొత్తగా పుట్టదు,
కరిగించిందే మళ్ళీ కరిగిస్తాం.

నేను మొదట చూసిన బొమ్మ
మా నాయన ఒరగల్లు మీద గీత.
నల్లరాతి మీద పచ్చగా, వేలెడంత.
ఎవరి మెడలోదో, ఏ అవసరానికి బయటికొచ్చిందో.
నాయన కళ్ళు చిట్లించి
"వన్నె తక్కువమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి.
ఎదురుగా కూర్చున్నామె
కొంగు భుజం మీదికి లాక్కున్న తీరు
ముప్పై ఏళ్ళ తర్వాత గీశాను.
మూడే గీతలు.
నాలుగోది పెట్టుంటే ఏడ్చేసేది.

పగలు లోహం, రాత్రి సిరా.
రెండింటికీ దీపం ఒకటే.
ఊదుగొట్టంతో మంటను వంచి
వెలిగారం బుసబుస పొంగేదాకా ఊది
టంకం పరిగెత్తగానే ఊపిరి ఆపుతాను.
ఆ దీపం మీద బోర్లించిన మూకుడుకి
పొద్దుగూకేసరికి చిటికెడు మసి.
నానేసిన తుమ్మజిగురులో కలిపి నూరితే
చీర చిరిగినా పోని నలుపు.
"కాటుకైనా పెట్టుకోవు గదే" అంటుంది అమ్మ.

కమ్మచ్చులో తీగ లాగుతుంటే
బెజ్జం బెజ్జానికీ సన్నబడుతూ, వేడెక్కుతూ
ఇంక తెగుతుందనుకున్న చోట నునుపు తేలుతుంది.
కలం పట్టినా అంతే.
కాకపోతే కాయితం మీద తెగితే
అతకడానికి టంకం లేదు.

మైపాడు పోయిన ఆదివారం
ఎండ్రకాయ పిల్లలు బెజ్జం చుట్టూ పేర్చిన
ఇసుక గుండ్లు చూసొచ్చి
గుళ్ళపని కమ్మలు మొదలుపెట్టాను.
ఒక్కో గుండూ ఆవగింజంత. రెండొందల పదకొండు.
ఎండ్రకాయకి అర పూట పని, అలొస్తే మళ్ళీ మొదలు.
నాకు తొమ్మిది రోజులు, కళ్ళ మంటలు అదనం.

సైదాపురం గని గుట్టల్లో ఏరుకొచ్చిన అభ్రకం
గోటితో పొర మీద పొర విప్పి
వెండి చట్రంలో బిగించాను.
పెన్నలో నీళ్ళు లేని ఏడు అది.
మా ఇంట్లో నీళ్ళలా మెరిసింది ఆ పతకమొక్కటే.
అమ్ముడుపోలేదు.
"అద్దం ముక్కా ఇది?" అన్నారు.

ఇంక మస్తానమ్మ.
నెలకొకసారి వస్తుంది, మా అంగడి బుగ్గి కొనుక్కోను.
కుంపటి బూడిద, ఆకురాయి పొడి, చాప దులుపు,
ఆఖరికి కాలవలో బురద కూడా.
చెక్క మరిగెలో నీళ్ళు పోసి తిప్పుతుంటే
నల్లటి సుడి, ఆ సుడి అంచున
ఉందో లేదో అన్నట్టు ఒక పచ్చటి నూలుపోగు.
జనం మెచ్చుకున్న నా కంటె ఆ వంపే.
నేను కొలత పెంచానంతే.

ఒకనాడు ఆమె చేతులు గీసి చూపించాను.
చాలాసేపు చూసింది.
"గోళ్ళన్నీ ఉండాయే" అంది.
చెయ్యి చాపింది. ద్రావకం తిన్న చూపుడువేలు,
గోరుండాల్సిన చోట నున్నటి తోలు.
ఇన్నేళ్ళుగా మా గుమ్మంలో ఉన్న చెయ్యి.
నేను దాని కింద తిరిగే నీళ్ళనే చూశాను.

సిరా చెరగదు. కొత్త కాయితం తీశాను.

ఆ వారం చేసిన ఉంగరంలో
ఐదు గూళ్ళు, నాలుగు రాళ్ళు.
రాయి రాలిపోయిందంటూ వెనక్కి తెచ్చింది
పొగతోట డాక్టరమ్మ.
రాలలేదు, ఖాళీగానే కట్టానన్నాను.
వేలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది,
ఏమీ అడక్కుండా తొడుక్కుని పోయింది.

మొన్న మస్తానమ్మ బుగ్గి సంచి
చేత్తోనే తూచి పెదవి విరిచింది.
"ఈతూరి పసుపు తక్కువ, మసి ఎక్కువ.
బొమ్మల మీద పడ్డావా మే?
నూర్రూపాయలు తగ్గించుకో."

తగ్గించుకున్నాను.