ఎసినాటి తలుపు

"లెక్క ఉందా?" అన్నాను.
ఎరువు ఆలస్యమని ఊరంతా అనేదే,
పై వాళ్ళకి నోటిమాట ఆనదు కదా.
మూడోరోజు ఎసినాటి
సైకిల్ వెనక కట్టుకుని
గాదె తలుపే పట్టుకొచ్చింది మ్చింజి ఆఫీసుకి.

పదకొండేళ్ళ గీతలు.
బొగ్గుది తొలివాన,
ఎర్రమట్టిది బస్తా చేరిన రోజు.
రెంటి మధ్య వేళ్ళు పరిచి చూపింది:
ఇది బెత్తెడు, ఇది జానెడు,
ఇక్కడ ఖాళీ, ఆ ఏడు మా అత్త పోయింది.

ఫోటో తీశాను. నిలువు పట్టీలు గీశాను.
లిలోంగ్వేలో తెర మీద ఆ జానెడు
ముప్పై నాలుగు రోజులైంది.
అత్త పోయిన ఏడు
"సమాచారం లేదు" అయింది.
కార్యదర్శి కళ్ళజోడు సవరించుకుని
మొదటిసారి ఏదో రాసుకున్నాడు.

తలుపు మాత్రం
సాక్ష్యం కింద
బీరువా వెనక ఉండిపోయింది.

జూన్‌లో వెళితే
గాదె నోటికి గోనెపట్టా వేలాడుతోంది.
మేకలు దూరి
రెండు బుట్టల మొక్కజొన్న తిన్నాయట.
ఎసినాటి తిట్టలేదు.
బొగ్గుముక్క నా చేతికిచ్చి
గోడ చూపించింది.

"ఇదీ గియ్యి.
ఎవరి ఖాతాలోనో
నువ్వే చెప్పు."