మిగులు ఉండలు

ఎండలు ముదురుతుంటే ఉన్నెందుకని
నవ్వుతది పక్కింటి అరుంధతక్క.
ఉన్ని గాదు, నూలు.
కొత్తవాడల అద్దకపోళ్ళ దగ్గర
తూకానికి తెచ్చిన మిగులు ఉండలు:
మోదుగుపువ్వు ఒకటి, చింతచిగురు రెండు,
పేరు దొరకని పసుపు ఇంకోటి.

మేడ మీది తోట సంగతి అడగొద్దు.
వంగకు తెల్లదోమ,
టమాటలు కోతులకు,
గులాబిని నీళ్ళెక్కువ పోసి నేనే సంపిన.
ఎవరూ నాటని కాకర మాత్రం
పైపు పట్టుకొని ట్యాంకు దాకా పాకింది.

ఇయ్యాల ఒక కుట్టు జారింది,
నాలుగు వరుసలు విప్పిన.
నూలు ఏమనదు, మళ్ళ ఉండయితది.
మొక్క అట్ల గాదు గదా.

నిన్న కుండీల గుచ్చి మరిచిన రెండో సూదికి
కాకర నులితీగ
రెండు చుట్లు వేసింది,
నా కన్నా బిగువుగ.
ఆ సూది ఇగ దానిదే.