వచ్చు, వలెను

మొదటి రోజు నాకో గది చూపించారు.
నాలుగో అంతస్తు. కిటికీ తెరిస్తే
ఎదుటి గోడ, దాని మీద పావురాల రెట్ట.
"వైట్‌హాల్‌లో సహాయమంత్రికి ఇంతకంటే మంచి గోడ దొరకదండీ"
అంది నా కార్యదర్శి అడెయింకా, నవ్వకుండా.

సర్కారువారి బొమ్మల కొట్లోంచి
ఒక పటం ఎంచుకోమన్నారు.
అప్పటికే పెద్ద పార్టీవాళ్లు
ఓడల్నీ గుర్రాల్నీ పట్టుకుపోయారు.
నాకు మిగిలింది పేరు లేని రైతు,
చేతిలో టర్నిప్ దుంప.
ఐదేళ్లు అతనూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

సంకీర్ణం అంటే ఏమిటని మా ఊళ్లో అడిగితే
అద్దె ఇల్లన్నాను.
మేకు కొట్టాలంటే ఇంటివారిని అడగాలి,
కప్పు కారితే మాత్రం
వీధివాళ్లు నన్నే తిడతారు.

సాయంత్రానికి ఎర్రపెట్టె వచ్చేది.
అందులో వంతెనల తుప్పు, రోడ్ల గుంతలు,
నేను రాయని నా ఉత్తరాలు.
"ఈ ముఖ్యమైన విషయాన్ని నా దృష్టికి తెచ్చినందుకు" –
అక్కడిదాకా నాకు నోటికి వచ్చు.
ఆ తర్వాత ఏమీ ఉండదు,
సంతకం ఉంటుంది.

మూడో ఏడు ఫిబ్రవరిలో బస్సుల కాగితం.
పల్లెదారులకిచ్చే డబ్బులో మూడోవంతు కోత.
పై మంత్రి పెల్హమ్ ఊళ్లో లేడు,
అలాంటి కాగితం వచ్చినప్పుడు ఆయన ఊళ్లో ఉండడు.
వెనక అనుబంధంలో, చీమల బారులాంటి అక్షరాల్లో
ఏడువందల పదమూడు మార్గాలు.
వేలు పెట్టుకుని వెతుక్కుంటూ పోయాను.
మా లోయ దొరికింది.
కార్‌బర్న్ నుంచి హెక్సమ్‌కు, మంగళ, శుక్రవారాలు.
పెన్ను మూత తీయడానికి ఎంతసేపు పట్టిందో
అడెయింకాకు తెలుసు.
ఆమె గోడ మీది రైతునే చూస్తూ నిలబడింది.

పద్దెనిమిది రోజులకు
ఈనిడ్ గార్త్‌వెయిట్ రాసింది, నీలి సిరాతో:
"నీ సంతకం ముచ్చటగా ఉంది బాబూ.
మూడో తరగతిలో ఆ వంపు దిద్దించింది నేనే."
ఆవిడకూ జవాబు పోయింది,
ముఖ్యమైన విషయాన్ని నా దృష్టికి తెచ్చినందుకు.

ఒక్కటి చేశాను. చెప్పుకుంటే నవ్వుతారు.
ఆ చట్టంలో పద్నాలుగో నిబంధన, మూడో ఉపనిబంధన.
నడవలేని పిల్లలను బడికి చేర్చడానికి
జిల్లావారు బండి "ఏర్పాటు చేయవచ్చు" అని ఉంది.
"చేయవలెను" అనమన్నాను.
లాయర్లు నలుగురు దిగారు.
ఖజానా నుంచి ఒక కుర్రాడు
మీసం కూడా రానివాడు,
నా ఒక్క మాట ఖరీదు కోట్లలో కట్టి చూపించాడు.
పదకొండు వారాలు.
బదులుగా నేను మూడు ఓట్లు ఇచ్చాను.
వాటి గురించి ఇంకా మాట్లాడలేను.
గంట మోగితే ఎనిమిది నిమిషాలు,
కొరికిన శాండ్‌విచ్ వదిలి పరుగెత్తి
ఏ ద్వారం చూపిస్తే ఆ ద్వారంలోంచి నడిచాను.
చివరికి ఒక రాత్రి,
సభలో పద్నాలుగు మంది, అందులో ఇద్దరు నిద్ర,
వచ్చు పోయి
వలెను వచ్చింది.

ఓట్ల లెక్కింపు ఈతకొలను పక్క హాల్లో.
తెల్లవారుజామున మూడున్నర, క్లోరిన్ వాసన.
నాది నాలుగో స్థానం.
నా వెనకే, రెండొందల ఓట్ల దూరంలో,
కోడి వేషంలో వచ్చినవాడు.
చేయి కలిపితే ఈక ఒకటి ఊడి
కోటుకు అంటుకుంది. ఇంటికొచ్చాక గాని చూసుకోలేదు.

మొన్న కార్‌బర్న్‌లో, పాత బస్‌స్టాప్ దగ్గర ఆగాను.
వేళల పట్టిక ఇంకా ఉంది, గాజు కింద నీరు దిగి.
ఎనిమిదింపావుకు తెల్లవ్యాను వచ్చి
ఎదురింటి ముందు వాలుపలక దించింది.
చక్రాల కుర్చీలో తొమ్మిదేళ్ల పిల్ల,
ఆవపిండి రంగు టోపీ,
నన్ను తేరిపార చూసింది.
"ఇక్కడికి బస్సు రాదు."
"తెలుసు."
"మరెందుకు నిలబడ్డావు?"

డ్రైవరు తలుపు మూశాడు.
ముఖ్యమైన విషయమే, నా దృష్టికి తెచ్చింది.
జవాబు రాసిపెట్టేవాళ్లు
పక్కన లేరు.