గాలి పరీక్ష

కొయ్‌హైకేలో జూన్ నెల.
ఐదింటికే పొద్దు గూకితే
పచ్చి కట్టెల పొగ కొండ దాటలేక
వీధుల్లోనే ముడుచుకు పడుకుంటుంది.

యూనివర్సిటీ వెనక షెడ్డులో
ఎనిమిదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు,
చక్రాల మీద ఒక ఇల్లు.
కట్టేది మేం పదకొండుమందిమి.
వేడి ఎటు పారుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాం.
మేకు ఎటు వంగుతుందో మాత్రం
మేకుకే తెలియాలి.

చిలోయే దీవి నుంచి రాయెన్ నానమ్మ పంపిన ఉన్ని
తొమ్మిది గోతాలు.
ముళ్ళు ఏరి, పెంటికలు దులిపి, ఉతికి, ఆరబెట్టి
గోడల కడుపుల్లో కూరాం.
ఆ వారమంతా బస్సులో
మా పక్క సీట్లు ఖాళీ.

కిటికీ కొలత తీసింది నేను.
రెండు సెంటీమీటర్లు ఎక్కువ రాశాను.
ఎవరూ ఏమీ అనలేదు,
అంటే బాగుండేది.
బద్దలు చెక్కి సందు నింపి
పైన నున్నటి పట్టీ కొట్టాం.

ఇవాళ పరీక్ష.
గుమ్మానికి ఎర్రగుడ్డ బిగించి, మధ్యలో ఫ్యాను.
లోపలి గాలిని తోడిపోస్తుంటే
సందున్న చోటల్లా చలి జొరబడాలి.
ఓయార్సూన్ మేడం అంకె చదువుతోంది.
అంకె దిగదు.
అగరొత్తులు పట్టుకుని మూలమూలా వెతికాం,
మా ఊపిరికే పొగ వణికిపోతోంది.

వడ్రంగి ఎలెయుతేరియో,
ఎడంచేతికి మూడే వేళ్ళు,
మాతే బుర్ర పక్కన పెట్టి లేచాడు.
అరచేతి వెనక నాలుకతో తడి చేసుకుని
గోడ వెంట నడిచాడు
పసివాడి ఒళ్ళు కాలుతోందేమో చూస్తున్నట్టు.
నా కిటికీ దగ్గర ఆగాడు.
మాట్లాడలేదు.
నా మణికట్టు పట్టుకుని
నా చెయ్యి అక్కడ పెట్టాడు.

సూదిమొనంత చలి.
రెండేళ్ళుగా నా నోట్సులో
బాణం గుర్తులా ఉన్న గాలి.

పట్టీ పీకాం. మేకులు కీచుమంటూ ఊడొచ్చాయి.
రాయెన్ ఉన్నిని తాడులా పేని ఇచ్చింది.
పడవ పగుళ్ళకి వాళ్ళ నానమ్మ
ఇలాగే దట్టిస్తుందట, వెన్నకత్తితో.
మళ్ళీ ఫ్యాను.
అంకె దిగింది.
చాలినంత కాదు.
"సోమవారం," అంది మేడం, గుడ్డ మడతపెడుతూ.

రాత్రి ఇంటికెళ్ళి
కోటు విప్పకుండానే
చేతి వెనక తడి చేసుకుని
వంటింటి గోడ వెంట నడిచాను.
తలుపు కింద, కిటికీ చుట్టూ, స్విచ్చుల వెనక,
ఎక్కడ పెడితే అక్కడే.

"ఏం పారేసుకున్నావురా?" అంది అమ్మ
పొయ్యిలో
ఇంకో కట్టె దూరుస్తూ.