కుక్కను పట్టుకోండి

అక్కడ ఎవరూ తలుపు తట్టరు.
తట్టాలంటే గుమ్మం దాకా రావాలి,
రావాలంటే ముందు కుక్క ఒప్పుకోవాలి.
అందుకని కేక అందే దూరంలో గుర్రం ఆపి
గాలికి ఎదురుగా అరుస్తారు:
నొఖోయ్ ఖోర్!
కుక్కను పట్టుకోండి!

ఆల్తాయ్ కొండల కింద, ఉన్ని డేరాల దగ్గర
ఆ పూటకి నమస్కారం అదే.
వచ్చినవాడి మొదటి మాట ఒక భయం.
ఇంటివాళ్ళ జవాబు
ఆ భయం మెడ పట్టుకుని నిలబడటం.

యంజ్మా కుక్క పేరు బావ్‌గాయ్, అంటే ఎలుగుబంటి.
పద్నాలుగేళ్ళు బతికింది. ఆఖరి రెండేళ్ళూ
మొరగబోయి దగ్గేది.
మార్చిలో, మంచు ఇంకా గట్టిగా ఉండగానే పోయింది.
తోక కోసి దాని తలకింద పెట్టింది యంజ్మా,
నోట్లో ఇంత కొవ్వు ఉంచింది,
ఈసారి మనిషివై రా అని చెవిలో చెప్పి
ఎవరూ తొక్కని ఎత్తు మీద వదిలి వచ్చింది.
గొలుసు మాత్రం మేకుకే ఉంది.
రోజూ దాన్ని దాటుకునే నీళ్ళకి వెళుతుంది.

అవెల్‌ఖాన్ కజఖ్ మనిషి.
మూడు వారాలకోసారి ట్రక్కులో
పిండీ ఉప్పూ బ్యాటరీలూ తెస్తాడు.
తన భాషలో అయితే
మందా ప్రాణమూ క్షేమమేనా, అని అడగాలి.
మందే ముందు. మంద లేకపోతే
ప్రాణం ఎక్కణ్ణుంచి తేను అంటాడు.
కానీ ఈ గడప ముందు ఈ గడప మాటే.
కుక్క పోయిందని అతనికి తెలుసు,
కొండ మీదికి సగం దూరం మోసింది అతనే.
అయినా ఇంజను ఆపి, దిగి, గొంతు సవరించుకుని
నొఖోయ్ ఖోర్! అంటాడు.
యంజ్మా బయటికొచ్చి, కాస్త వంగి,
మోకాలి పక్కన గాలిలో
లేని మెడను పట్టుకుంటుంది
అతను లోపలికి వెళ్ళేదాకా.

దానికి ఇద్దరూ ఇంతవరకూ నవ్వలేదు.

ఆగస్టులో ఆ పిల్ల వచ్చింది, జ్లాతిత్సా,
చెయిను తెగిన సైకిలు తోసుకుంటూ,
స్లొవేకియా నుంచి.
కేక లేదు, ఏమీ లేదు. తిన్నగా వచ్చి
డేరా ముందు నిలబడి
అహోయ్, అంది.

అది ఓడల పలకరింపు.
ఆ పిల్ల దేశానికి సముద్రం లేదు.
ఎవరు మోసుకొచ్చారో, ఎందుకు ఉంచుకున్నారో,
రొట్టెల కొట్లో, మెట్ల మీద, ట్రామ్ ఎక్కుతూ
అక్కడ అందరూ ఒకరికొకరు ఓడలే.

యంజ్మాకి ఇవేవీ తెలియవు.
చడీచప్పుడూ లేకుండా వచ్చిన మనిషిని
కాళ్ళనుంచి పైకి చూసింది.
తడి ముక్కు. బుగ్గలనిండా దుమ్ము. కళ్ళు
లోపలి కుండ వైపు.
వేళ్ళ మీద లెక్కేసింది, మార్చి నుంచి ఆగస్టు.
ఊహూ,
ఐదు నెలల్లో ఇంత పొడుగు రాదు.

అప్పుడు ఆ పిల్ల భుజాలు పట్టి వెనక్కి తిప్పి
నల్లరాయి దాకా నడిపించి
మాటని ముక్కలు చేసి నోటికి అందించింది.
తను తిరిగొచ్చి మేకు దగ్గర నిలబడింది.
నోఖ్యా హోర్, అంది పిల్ల, భయం భయంగా.
యంజ్మా తల ఊపింది: గట్టిగా.
మూడోసారికి గొర్రెలు తలెత్తాయి.
యంజ్మా వంగింది, మెడ పట్టుకుంది, రా అంది.
పిల్ల ఆ ఖాళీని చూసింది,
గొలుసును చూసింది,
చుట్టూ తిరిగి, దూరంగా, జాగ్రత్తగా లోపలికి వెళ్ళింది.

ఉప్పు టీ మూడు గిన్నెలు తాగింది.

నాలుగో రోజు అవెల్‌ఖాన్ సైకిలును ట్రక్కు పైకెత్తాడు.
కట్టడానికి తాడు చాలలేదు.
యంజ్మా వెళ్ళి మేకు నుంచి గొలుసు విప్పి తెచ్చింది.

మళ్ళీ మూడు వారాలకి
మొదటి మంచుతో పాటు ట్రక్కు వచ్చింది.
అవెల్‌ఖాన్ దిగాడు, చేతిలో గొలుసు,
నొఖోయ్ ఖోర్! అని అరిచాడు.
యంజ్మా వంగి, చెయ్యి ఎప్పటి ఎత్తులోనే ఉంచి,
అహోయ్, అంది.
అతను ఒక్క క్షణం ఆగి
పడమటి వైపు చూశాడు,
కనుచూపుమేరా గడ్డి,
గాలికి ఒక పక్కకే వాలుతోంది.